వీఎంలలో అప్పుడప్పుడూ పోయే ప్యాకెట్లు: తప్పు లైనుదా, హోస్టుదా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వంటి పట్టణాల్లోని కళాశాలలు, ఆసుపత్రులు, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల సర్వర్ గదులు ఇప్పుడు చాలావరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. ఒక్కో పనికి ఒక్కో సర్వర్ కొనే పద్ధతి తగ్గి, రెండో మూడో పెద్ద యంత్రాల (హోస్టుల) మీద కేవీఎం, ప్రాక్స్‌మాక్స్, ఈఎస్‌ఎక్స్‌ఐ, హైపర్-వి వంటి వ్యవస్థలు నడుపుతూ, డేటాబేస్, హాజరు నమోదు, బిల్లింగ్, చివరికి ఫైర్‌వాల్ కూడా వాటి మీద వీఎంలుగా, అంటే ఒకే యంత్రం లోపల విడివిడిగా నడిచే వర్చువల్ కంప్యూటర్లుగా, పెట్టుకోవడం మామూలైంది. ఈ ఏర్పాటులో అన్నింటికన్నా విసిగించే సమస్య నెట్‌వర్క్ పూర్తిగా ఆగిపోవడం కాదు. ఆగితే కారణం తొందరగానే దొరుకుతుంది. ప్యాకెట్లు, అంటే నెట్‌వర్క్‌లో డేటా ప్రయాణించే చిన్న ముక్కలు, అప్పుడప్పుడూ, అక్కడక్కడా పోతూ ఉండటమే అసలు చిక్కు. ఫిర్యాదు అందుకుని చూసేసరికి అంతా బాగానే ఉంటుంది, చూసినవారు కుర్చీలోంచి లేవగానే మళ్లీ మొదలవుతుంది.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం ఇంటర్నెట్ లైను మీదికే పోతుంది. ఆ అనుమానం చాలాసార్లు తప్పు కావడానికి కచ్చితమైన లెక్క ఒకటుంది. ప్యాకెట్ లాస్‌కూ (ప్యాకెట్లు పోవడానికీ), పోయినవాటిని మళ్లీ పంపుతూ డేటాను చేర్చే టీసీపీ పద్ధతి వేగానికీ ఉన్న సంబంధాన్ని మాథిస్, ఆయన సహచరులు 1997లో ఒక చిన్న సూత్రంగా చెప్పారు. దాని ప్రకారం ఒక కనెక్షన్‌కు అందే వేగం, ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే కాలానికి విలోమానుపాతంలోనూ, లాస్ నిష్పత్తి వర్గమూలానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. నూటికి ఒక ప్యాకెట్ పోతున్నదనుకుందాం. సర్వర్ గదిలోనే ఉన్న యంత్రానికి రాకపోకల కాలం 0.3 మిల్లీసెకన్లు అయితే, అంత లాస్‌లోనూ దాదాపు 475 మెగాబిట్ల వేగం అందుతుంది. అదే సర్వర్‌ను హైదరాబాద్ నుంచి వాడేవారి సంగతి వేరు. హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది కనుక రాకపోకలకు కనీసం ఒకటిన్నర మిల్లీసెకన్లు కావాలి, మధ్యలోని పరికరాలు, చుట్టుదారులు కలిస్తే పది వరకూ పోవచ్చు. పది మిల్లీసెకన్ల దగ్గర అదే ఒక శాతం లాస్ ఆ కనెక్షన్‌ను దాదాపు 14 మెగాబిట్ల దగ్గర కట్టేస్తుంది.

అంటే ప్యాకెట్లు హోస్టు లోపలే పోతున్నా, గదిలో ఉన్నవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. బాధ అంతా దూరంగా, ఉదాహరణకు ఆదిలాబాద్‌లో, ఉన్న బ్రాంచి పడుతుంది. ఫిర్యాదు ఆదిలాబాద్ నుంచి వస్తుంది కాబట్టి తప్పు ఆదిలాబాద్ దారిలోనే ఉందని అందరూ అనుకుంటారు. లైను ఇచ్చిన సంస్థతో వారాల తరబడి నడిచే ఉత్తరప్రత్యుత్తరాలలో కొన్నింటికి మూలం ఇదే.

ముందు కొలత

పింగ్‌లు, అంటే జవాబు కోరే చిన్న పరీక్ష ప్యాకెట్లు, వంద పంపి, వందకు వందా తిరిగి వచ్చాయని లాస్ లేదని తేల్చేయడం అత్యంత సాధారణమైన పొరపాటు. అసలు లాస్ అర శాతం ఉంటే, వంద పింగ్‌లలో ఒక్కటీ పోకుండా రావడానికి దాదాపు 61 శాతం అవకాశం ఉంది. గణాంకశాస్త్రంలో దీనికి సులభమైన కొలమానం ఒకటుంది: ఒక్కటీ పోకుండా ఎన్ని పింగ్‌లు వచ్చాయో ఆ సంఖ్యతో మూడును భాగిస్తే, లాస్ అంతకు మించి లేదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అంటే 0.1 శాతానికి మించి లాస్ లేదని చెప్పాలంటే 3,000 పింగ్‌లు ఒక్కటీ పోకుండా రావాలి. సెకనుకు ఐదు చొప్పున పంపితే అది పది నిమిషాల పని. అయితే పోయే ప్యాకెట్లు గుంపులుగా పోతుంటే ఈ లెక్క కూడా చాలదు. రాత్రి బ్యాకప్ సమయంలో మాత్రమే వచ్చే లాస్‌ను మధ్యాహ్నం పెట్టిన పది నిమిషాల పరీక్ష ఎన్నటికీ పట్టుకోలేదు. అందుకే సమయం నమోదయ్యేలా పింగ్‌ను కనీసం ఒక రోజంతా నడిపి ఫైలులోకి రాయించడం, శాతం కన్నా ముందు పోయినవాటి వరుస సంఖ్యలను చూడటం మేలు.

ఆ వరుస సంఖ్యల్లో చాలా సమాచారం ఉంటుంది. ఒక్కొక్కటిగా, పొంతన లేకుండా పోతుంటే కేబుల్‌లో బిట్లు చెడుతున్నాయనో, ఎక్కడో బఫర్ పొంగుతోందనో అనుకోవచ్చు. రెండు మూడు సెకన్ల పాటు వరుసగా పోతే వీఎం కాసేపు నిలిచిపోయి ఉండాలి, లేదా దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఒక పోర్టు నుంచి మరో పోర్టుకు మారి ఉండాలి. సరిగ్గా 30 సెకన్ల ఖాళీ కనిపిస్తే, స్విచ్‌ల మధ్య లూపులు ఏర్పడకుండా చూసే స్పానింగ్ ట్రీని అనుమానించాలి, ఎందుకంటే పాత పద్ధతిలో పోర్టు వినే దశలో 15, నేర్చుకునే దశలో 15 సెకన్లు గడిపాకే ట్రాఫిక్‌ను వదులుతుంది. 90 సెకన్ల ఖాళీ ఉంటే, నెమ్మది పద్ధతిలో పెట్టిన ఎల్‌ఏసీపీ (కొన్ని లింకులను ఒకటిగా జత చేసే పద్ధతి) మూడు సందేశాలు అందక ఒక లింకును వదిలేసిన కాలం అదే. ఐదు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా తనంతట తానే సర్దుకునే సమస్య అయితే, స్విచ్‌లు మ్యాక్ అడ్రసును మరిచిపోవడానికి సాధారణంగా పట్టే 300 సెకన్లు గుర్తుకు రావాలి.

పింగ్ నడపడానికి వీల్లేని చోట అప్లికేషన్ లాగ్‌లలోని ఆలస్యాలే సాక్ష్యం. లైనక్స్ 6.5కు ముందు వెర్షన్లలో టీసీపీ మొదటి ప్యాకెట్ పోతే ఒక సెకను ఆగి మళ్లీ పంపుతుంది, అదీ పోతే మరో రెండు సెకన్లు, ఆ తర్వాత మరో నాలుగు. కాబట్టి కనెక్షన్ కుదరడానికి పట్టిన కాలాలు 1, 3, 7 సెకన్ల దగ్గర పోగుపడుతుంటే అది నెమ్మదైన సర్వర్ కాదు, పోతున్న ప్యాకెట్. కుదిరిన కనెక్షన్ మధ్యలో 200 మిల్లీసెకన్లకు పైన గుమిగూడే ఆలస్యాలు కూడా అలాంటివే, ఎందుకంటే లైనక్స్ మళ్లీ పంపే ముందు ఆగే కనీస కాలం 200 మిల్లీసెకన్లు. ఐదు సెకన్ల దగ్గర పోగుపడితే పోతున్నది డీఎన్‌ఎస్ (పేరును ఐపీ అడ్రసుగా మార్చే సేవ) ప్రశ్న అయ్యే అవకాశం ఎక్కువ. డేటాబేస్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుల్లో ఆలస్యం ఇలా గుండ్రని అంకెల దగ్గర గుమిగూడితే, క్వెరీలను సవరించడానికి పూనుకునే ముందు నెట్‌వర్క్‌ను చూడాలి.

దారిలోని ఒక్కో రౌటర్ (మెట్టు) దగ్గర లాస్‌ను చూపే ఎంటీఆర్ సాధనం ఫలితాన్ని చదవడంలోనూ ఒక జాగ్రత్త అవసరం. మధ్యలోని రౌటర్లు తమకు వచ్చిన పింగ్‌లకు జవాబివ్వడాన్ని కావాలనే తగ్గించుకుంటాయి. ఐదో మెట్టు దగ్గర 40 శాతం లాస్ కనిపించినా, చివరి మెట్టులో సున్నా ఉంటే అక్కడ ఏమీ పోవడం లేదు. లాస్ ఒక మెట్టు దగ్గర మొదలై చివరి దాకా కొనసాగితేనే దానికి విలువ.

దారిని ముక్కలు చేయడం

వీఎంలోని అప్లికేషన్ పంపిన ప్యాకెట్ బయటి స్విచ్‌కు చేరేలోపు చాలా చేతులు మారుతుంది. ముందు వీఎం సొంత కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ), ఆ తర్వాత వర్టియో రింగ్ (వీఎం, హోస్టు ప్యాకెట్లు మార్చుకునే బఫర్), దానిని ఖాళీ చేసే హోస్టు వైపు వీహోస్ట్ థ్రెడ్, ట్యాప్ ఇంటర్‌ఫేస్ (వీఎం కార్డుకు హోస్టు వైపు కొస), బ్రిడ్జి లేదా ఓపెన్ వీస్విచ్ (హోస్టు లోపలి స్విచ్), బాండ్ (జత చేసిన లింకులు), చివరగా అసలు నెట్‌వర్క్ కార్డు, కేబుల్. వీటిలో దాదాపు ప్రతి దశలోనూ ఒక వరుస, ఆ వరుస నిండితే పడేసిన ప్యాకెట్లను లెక్కించే ఒక కౌంటర్ ఉంటాయి. పోయిన ప్యాకెట్ దాదాపు ఎప్పుడూ ఏదో ఒక కౌంటర్‌లో నమోదయ్యే పోతుంది. వెతకవలసింది ఆ కౌంటర్‌ను.

వెతుకులాటను సగానికి తగ్గించేది నాలుగు జతల పింగ్. ఒకే హోస్టు మీది రెండు వీఎంల మధ్య, వీఎం నుంచి దాని హోస్టుకు, హోస్టు నుంచి మరో హోస్టుకు, హోస్టు నుంచి గేట్‌వేకు ఏకకాలంలో నడపాలి. ఒకే హోస్టు మీది వీఎంల మధ్య కూడా లాస్ ఉంటే కేబుల్, స్విచ్, లైను మూడూ ఒక్క దెబ్బతో నిర్దోషులవుతాయి, ఎందుకంటే ఆ ప్యాకెట్ పెట్టె దాటి బయటికే రాలేదు. ఆ ఒక్క ఫలితం తేలితే చాలు, ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చేయనక్కర్లేదో తెలిసిపోతుంది.

సీపీయూ ఆలస్యమే నెట్‌వర్క్ లాస్‌గా

హోస్టు లోపల ట్యాప్ ఇంటర్‌ఫేస్ గణాంకాలను చదివేటప్పుడు చాలామంది దిక్కు తప్పుతారు. హోస్టు దృష్టిలో ట్యాప్ పంపినది వీఎంకు అందేది, అంటే ట్యాప్ మీద టీఎక్స్ డ్రాప్ (పంపే వైపు పడేసినవాటి లెక్క) పెరుగుతుంటే అవి వీఎం పంపిన ప్యాకెట్లు కావు, వీఎం తీసుకోలేకపోయిన ప్యాకెట్లు. వీనెట్ అనే పేరుతోనో, ప్రాక్స్‌మాక్స్‌లో ట్యాప్ అనే పేరుతోనో కనిపించే ఆ ఇంటర్‌ఫేస్‌లో టీఎక్స్ డ్రాప్ రోజురోజుకూ పెరుగుతుంటే, ఆ వీఎంకు సీపీయూ వేళకు అందడం లేదన్నది మొదటి అనుమానం కావాలి.

కారణం ఈ లెక్కలో ఉంది. ట్యాప్ వరుస పొడవు సాధారణంగా 1,000 ప్యాకెట్లు. ఒక గిగాబిట్ వేగంతో పూర్తి పరిమాణపు ప్యాకెట్లు వస్తుంటే సెకనుకు దాదాపు 81,000 వస్తాయి. అంటే ఆ వరుస నిండటానికి 12 మిల్లీసెకన్లు చాలు. వర్టియో రింగ్ అయితే క్యూఎమ్యూ (కేవీఎం వీఎంలను నడిపే ప్రోగ్రామ్) మామూలు అమరికలో 256 మాత్రమే. హోస్టు కెర్నెల్ చిన్న ప్యాకెట్లను జీఆర్‌ఓ పద్ధతిలో కలిపి పెద్ద ముద్దగా అందిస్తే కొంత వెసులుబాటు దొరుకుతుంది కానీ, దాని మీద ఆధారపడి కూర్చోలేం. వీహోస్ట్ థ్రెడ్ కూడా మిగతా పనుల్లాగే సీపీయూ కోసం వరుసలో నిలబడుతుంది. హోస్టు మీద 16 కోర్లుంటే వీఎంలకు 48 వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు) ఇచ్చి, పైగా అదే హోస్టు మీద బ్యాకప్‌ను కుదించే పని నడిపితే, ఆ థ్రెడ్ వంతు రావడానికి 12 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువ పట్టడం వింతేమీ కాదు. సీపీయూ వాడకం గ్రాఫ్‌లో సగటు 60 శాతమే ఉండవచ్చు. ప్యాకెట్లు పోయేది సగటులో కాదు, ఆ కొన్ని మిల్లీసెకన్లలో.

దీనిని తేల్చడానికి వీఎం లోపల టాప్ కమాండ్ చూపే స్టీల్ శాతాన్ని, అంటే వీఎం పని చేయడానికి సిద్ధంగా ఉన్నా హోస్టు దానికి సీపీయూ ఇవ్వని కాలాన్ని, డ్రాప్ కౌంటర్‌తో పక్కపక్కన పెట్టి చూడాలి. ఈఎస్‌ఎక్స్‌ఐలో ఇదే పని ఈఎస్‌ఎక్స్‌టాప్‌లోని రెడీ శాతం చేస్తుంది, నెట్‌వర్క్ తెరలో అందిన ప్యాకెట్ల డ్రాప్ శాతం కూడా విడిగా కనిపిస్తుంది. వీసెంటర్ గ్రాఫ్‌లు రెడీ కాలాన్ని మిల్లీసెకన్లలో చూపుతాయి. తక్షణ గ్రాఫ్‌లో ఒక్కో బిందువు 20 సెకన్లది కాబట్టి, ఒక వీసీపీయూకు 1,000 మిల్లీసెకన్లు కనిపిస్తే అది 5 శాతం. ఆ స్థాయి దాటాక కారణాన్ని బయట వెతకడం వృథా.

పరిష్కారం కూడా సీపీయూ వైపే ఉంటుంది. వీఎంకు ఎనిమిది వీసీపీయూలు ఇచ్చి అది రెండే వాడుతుంటే మిగతావాటిని తీసేయడం, వర్టియోలో ఒకటికి మించిన క్యూలు పెట్టి లోపల కూడా వాటిని వాడుకలోకి తేవడం, బ్యాకప్ వేళలను వీఎంల వారీగా విడదీయడం వంటివి. ఎక్కువ వీసీపీయూలు ఇస్తే వీఎం వేగంగా నడుస్తుందన్న నమ్మకం బలమైనది, హోస్టు నిండిన చోట మాత్రం చాలాసార్లు అది తిరగబడుతుంది. ఈఎస్‌ఎక్స్‌ఐ మీద విఎంఎక్స్‌నెట్3 వాడే విండోస్ వీఎంలలో మాత్రం డ్రైవర్ అమరికల్లోని రింగ్ పరిమాణాన్ని 4,096కు, చిన్న బఫర్ల సంఖ్యను 8,192కు పెంచడం తక్షణ ఉపశమనం ఇస్తుంది.

స్నాప్‌షాట్ తీసేటప్పుడూ, తీసిన స్నాప్‌షాట్‌ను తిరిగి కలిపేటప్పుడూ వీఎం కాసేపు స్తంభిస్తుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు స్నాప్‌షాట్ మీదే పని చేస్తాయి కాబట్టి, ప్రతి రాత్రీ అదే వేళకు రెండు మూడు పింగ్‌లు పోవడానికి ఇంతకు మించిన కారణం తరచుగా ఉండదు.

సగటు చూపని పొంగు

అసలు నెట్‌వర్క్ కార్డు దగ్గర ఇదే కథ ఇంకా చిన్న కాలంలో నడుస్తుంది. చాలా కార్డుల రింగ్ బఫర్ మామూలుగా 512 స్థానాలతో వస్తుంది, 4,096 వరకు పెంచుకోవచ్చు. పది గిగాబిట్ల లింకు మీద పూర్తి పరిమాణపు ప్యాకెట్లు ఎడతెగకుండా వస్తే 512 స్థానాలు నిండటానికి పట్టేది 0.63 మిల్లీసెకన్లు. అతి చిన్న ప్యాకెట్లయితే 34 మైక్రోసెకన్లే. విద్యుత్ ఆదా కోసం గాఢనిద్రలోకి పోయిన కోర్ లేవడానికే కొన్నిసార్లు వంద మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. బయాస్‌లో విద్యుత్ అమరికను పనితీరు వైపు మార్చగానే లాస్ తగ్గిన సందర్భాలకు మూలం ఇదే. ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడే, కోర్లు నిద్రపోయే వీలున్నప్పుడే డ్రాప్‌లు కనిపించడం దీని గుర్తు. చూసేవారిని తికమక పెట్టేది కూడా అదే.

స్విచ్ పోర్టు దగ్గర పది గిగాబిట్ల నుంచి వచ్చింది ఒక గిగాబిట్ పోర్టులోంచి పోవాల్సినప్పుడు, ఒక మెగాబైట్ బఫర్ ఒక మిల్లీసెకను లోపే నిండిపోతుంది. ఐదు నిమిషాల సగటు చూపే పర్యవేక్షణ గ్రాఫ్‌లో అదే పోర్టు వాడకం 8 శాతంగా నమోదవుతుంది. కాకతీయుల చెరువుల కింద సాగు చేసేవారెవరూ ఏడాది వర్షపాతం సగటు చూసి మత్తడి దుంకదని చెప్పరు. గంటలో కురిసిన వానే దాన్ని తేలుస్తుంది. ఇక్కడ కూడా చూడవలసింది వాడకం శాతాన్ని కాదు, స్విచ్ పోర్టులో బయటికి పోయే వైపు డిస్కార్డ్ కౌంటర్‌ను. కార్డు వైపు ఈథ్‌టూల్ కమాండ్ చూపే గణాంకాల్లో ఆర్‌ఎక్స్ మిస్డ్ పేరుతో కనిపించే అంకెను, కెర్నెల్ వైపు ప్రాక్ డైరెక్టరీలోని సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైలును చూడాలి. ఆ ఫైలులో ఒక్కో వరుస ఒక్కో సీపీయూకు చెందింది. అంకెలు పదహారు ఆధారిత సంఖ్యల్లో ఉంటాయి. రెండో నిలువు వరుస పడేసినవాటి లెక్క, మూడోది పని మిగిలి ఉండగానే సమయం చాలక ఆపేసిన సందర్భాల లెక్క. అన్ని సీపీయూల్లో ఒక్కదాని లెక్కే విపరీతంగా పెరుగుతుంటే ఇంటరప్ట్‌లన్నీ (కార్డు పంపే పిలుపులన్నీ) దాని మీదే పడుతున్నాయని అర్థం.

సగం మందికే వచ్చే సమస్య

ఒక ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ బాగుంటుంది, పక్క బల్ల మీది దానికి ఎప్పుడూ తడబడుతుంది. ఇలాంటి ఫిర్యాదు వింటే ముందుగా బాండ్‌ను చూడాలి. ఎల్‌ఏసీపీ బాండ్ ఒక్కో సంభాషణను దాని అడ్రసుల ఆధారంగా ఏదో ఒక లింకుకు కేటాయిస్తుంది, ఆ కేటాయింపు మారదు. రెండు లింకుల్లో ఒకటి చెడితే సగం సంభాషణలు చెడతాయి, మిగతా సగానికి ఏమీ తెలియదు. లింకు తెగితే బాండ్ దానిని వదిలేస్తుంది. అయితే లింకు దీపం వెలుగుతూనే ఫ్రేములు పాడవుతుంటే, తెగుదలను మాత్రమే కనిపెట్టే పర్యవేక్షణకు అది అందదు. పని లేని వేళ చూసి కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి పరీక్షించడం మోటుగా కనిపించినా, దీనికి అంతకన్నా కచ్చితమైన పరీక్ష లేదు. హోస్టు వైపు ఎల్‌ఏసీపీ పెట్టి స్విచ్ వైపు పెట్టకపోవడం, ఈఎస్‌ఎక్స్‌ఐలో ఐపీ హ్యాష్ ఎంచుకుని స్విచ్‌లో పోర్టులను జత చేయకపోవడం కూడా ఇదే రకం లక్షణాలను చూపుతాయి. అప్పుడు స్విచ్ లాగ్‌లో ఒకే మ్యాక్ రెండు పోర్టుల మధ్య ఊగుతున్నట్టు హెచ్చరికలు ఉంటాయి.

కేబుల్, ఎండ, ఎర్తింగ్

ఉత్తర తెలంగాణలో మే నెలను ఈ లెక్కలోంచి తీసేయలేం. రామగుండం, ఆదిలాబాద్ వైపు పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. సర్వర్లలోకి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫార్సు. సెలవుల్లో ఏసీ ఆపేసిన గదిలో అది నిలవదు. సాధారణ శ్రేణి ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లకు (కేబుల్ తగిలించడానికి పోర్టులో దూర్చే చిన్న పరికరాలకు) పైతొడుగు ఉష్ణోగ్రత హద్దు 70 డిగ్రీలు. రాగి కేబుల్ మీద పది గిగాబిట్లు నడిపే మాడ్యూళ్లు ఫైబర్ మాడ్యూళ్ల కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతాయి కనుక, పక్కపక్క పోర్టుల్లో నాలుగు పెట్టిన చోట ముందు తేడా చేసేవి అవే. ఫైబర్ మాడ్యూల్ తన ఉష్ణోగ్రతను, అందుతున్న కాంతి బలాన్ని ఈథ్‌టూల్ ద్వారా చెప్పగలదు. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆ అంకెలు రాసి పెట్టుకుంటే, సాయంత్రానికి తగ్గిపోయే లాస్‌కు జవాబు వాటిలోనే దొరకవచ్చు.

బిట్లు చెడటం వల్ల పోయే ప్యాకెట్లకు సీఆర్‌సీ (ఫ్రేము చెడిందో లేదో తేల్చే తనిఖీ సంఖ్య) ఎర్రర్ కౌంటర్ సాక్ష్యం. మామూలు పింగ్ ఫ్రేము వంద బైట్ల చిల్లర, పూర్తి పరిమాణపు ఫ్రేము దానికి పదిహేను రెట్లు. పెద్ద ప్యాకెట్ చెడే అవకాశం కూడా అన్ని రెట్లూ ఎక్కువే. అందుకే మామూలు పింగ్ బాగుండి ఫైలు కాపీ మాత్రం నత్తనడక నడిస్తే, 1,472 బైట్ల పింగ్‌తో మళ్లీ చూడాలి. ఒక చిన్న మెలిక: ఫ్రేము మొత్తం అందాక పంపే స్విచ్ చెడ్డ ఫ్రేమును అక్కడే పడేస్తుంది కాబట్టి తప్పు ఆ పోర్టుకు తగిలిన కేబుల్‌లోనే ఉంటుంది. ఫ్రేము తల చూడగానే ముందుకు తోసే కట్-త్రూ స్విచ్ అయితే చెడ్డ ఫ్రేమును కూడా దాటిస్తుంది, ఎర్రర్ ఒక చోట లెక్కకు వచ్చి తప్పు మరో చోట ఉంటుంది.

రెండు భవనాల మధ్య రాగి కేబుల్ లాగిన ఆవరణల్లో వంద మీటర్ల హద్దుతో పాటు ఎర్తింగ్ తేడా కూడా ఒక సమస్య. షీల్డ్ ఉన్న కేబుల్‌కు రెండు చివరలా వేర్వేరు ఎర్తింగ్ ఉంటే షీల్డ్ గుండా కరెంటు పారుతుంది, పిడుగుల కాలంలో పోర్టులే పోతాయి. భవనాల మధ్య ఫైబర్ వేస్తే ఈ చర్చ అవసరం లేదు.

నిండిపోయే పట్టికలు

ఇప్పటికే లాగిన్ అయినవారికి బాగుండి, కొత్తగా వచ్చేవారికి మాత్రమే కుదరకపోతే వరుసలను కాదు, పట్టికలను చూడాలి. ఫైర్‌వాల్ పని చేసే లైనక్స్‌లో ప్రతి కనెక్షన్‌కూ కాన్‌ట్రాక్ పట్టికలో ఒక పద్దు ఉంటుంది. పట్టిక నిండితే కొత్త కనెక్షన్ల ప్యాకెట్లు పడిపోతాయి, కెర్నెల్ లాగ్‌లో పట్టిక నిండిందన్న వాక్యం కనిపిస్తుంది. కుదిరిన టీసీపీ కనెక్షన్ పద్దును కెర్నెల్ మామూలు అమరికలో 4,32,000 సెకన్లు, అంటే ఐదు రోజులు ఉంచుకుంటుంది. ఫలితాలు విడుదలైన రోజు వేలమంది విద్యార్థులు ఫోన్లలో తెరిచి, మధ్యలో సిగ్నల్ పోయి వదిలేసిన కనెక్షన్లన్నీ ఆ ఐదు రోజులూ చోటు ఆక్రమిస్తాయి. కేవీఎం హోస్టు మీదే ఎవరో డాకర్ (అప్లికేషన్లను కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) కూడా పెడితే, బ్రిడ్జి మీదుగా పోయే వీఎంల ట్రాఫిక్ సైతం హోస్టు ఫైర్‌వాల్ నియమాల గుండా, ఈ పట్టిక గుండా పోవడం మొదలు కావచ్చు. ఫార్వర్డ్ నియమం (దాటించే ప్యాకెట్లకు వర్తించేది) కూడా డ్రాప్‌కు మారవచ్చు. హోస్టు మీద డాకర్ పెట్టకుండా, దానికొక వీఎం కేటాయించడమే మంచిది.

ఏ ఐపీకి ఏ మ్యాక్ అడ్రసో గుర్తుంచుకునే ఏఆర్‌పీ పట్టికదీ ఇదే తీరు. లైనక్స్‌లో దాని గరిష్ఠ హద్దు మామూలుగా 1,024. హాస్టల్ వైఫై మొత్తాన్ని రెండు వేల అడ్రసుల ఒకే సబ్‌నెట్‌లో పెట్టి, గేట్‌వేను వీఎంగా నడిపితే సాయంత్రం ఎనిమిది తర్వాత ఆ హద్దు దాటడం ఖాయం.

లాస్ కానివి, లాస్‌లా కనిపించేవి

వీఎంను క్లోన్ చేసి మ్యాక్ అడ్రసు మార్చకపోతే రెండు వీఎంలు ఒకే గుర్తింపు కోసం పోట్లాడుకుంటాయి. ఎవరు చివరగా ప్యాకెట్ పంపితే స్విచ్ వారి వైపు తిరుగుతుంది. మ్యాక్ మార్చినా మెషిన్ ఐడీ మార్చకపోతే, ఉబుంటు వంటి కొన్ని లైనక్స్‌లలో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే సేవ) రెండింటికీ ఒకే ఐపీ ఇవ్వవచ్చు. ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి పంపే వీఎక్స్‌ల్యాన్ వాడే చోట 50 బైట్ల అదనపు తొడుగుకు చోటు వదలకపోతే చిన్న ప్యాకెట్లు చేరతాయి, పెద్దవి ఆగుతాయి. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కుదిరి, పెద్ద జాబితా అడగగానే తెర బిగుసుకుపోవడం దీని ఆనవాలు.

ఇక కౌంటర్లు కూడా అపార్థానికి తావిస్తాయి. లైనక్స్ 2.6.37 నుంచి ఇంటర్‌ఫేస్ ఆర్‌ఎక్స్ డ్రాప్ అంకెలో, ఆ యంత్రానికి అక్కర్లేని ప్రోటోకాల్ ఫ్రేములు, సంబంధం లేని వీల్యాన్ ఫ్రేములు కూడా కలుస్తున్నాయి. ఆ అంకె సరిగ్గా రెండు సెకన్లకు ఒకటి చొప్పున, నిమిషానికి ముప్పై పెరుగుతుంటే అది చాలావరకు స్విచ్ పంపే స్పానింగ్ ట్రీ హలో సందేశమే. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. లైనక్స్ 5.17 నుంచి కెర్నెల్ తాను పడేసిన ప్రతి ప్యాకెట్‌కూ కారణం చెప్పే వీలు మొదలైంది కనుక, కొత్త కెర్నెల్ ఉన్న హోస్టుల్లో ఈ రకం సందేహాలను పెర్ఫ్ వంటి సాధనంతో తీర్చుకోవచ్చు.

అన్ని మార్పులూ ఒకే రాత్రి చేసేయాలన్న తొందర ఈ పనికి పనికిరాదు. రింగ్ పరిమాణం, డ్రైవర్, ఆఫ్‌లోడ్ అమరికలు, కేబుల్ నాలుగూ కలిపి మారిస్తే లాస్ ఆగినా ఏది ఆపిందో తెలియదు, నెల తర్వాత మళ్లీ వస్తే మొదటికి వచ్చినట్టే. మార్పుకు ముందు కౌంటర్లన్నింటినీ సమయంతో సహా ఫైలులోకి తీసుకుని, ఒక్కటి మార్చి, మళ్లీ అన్నింటినీ తీసుకుని తేడా చూడాలి. అన్నింటినీ అనడానికి కారణం ఉంది. కార్డు రింగ్‌ను 512 నుంచి 4,096కు పెంచగానే అక్కడి మిస్డ్ అంకె ఆగిపోతుంది. ఆ సంతోషంలో ట్యాప్ వైపు చూడకపోతే, ఇప్పటిదాకా గుమ్మం దగ్గరే పోయిన ప్యాకెట్లు లోపలికి వచ్చి వీఎం వరుస దగ్గర పోవడం మొదలైన సంగతి కనిపించదు. ఆదిలాబాద్ బ్రాంచి ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది.